గాజువాక: మారిన జనాభా, మారిన రాబడి

విశాఖపట్నం నుంచి అనకాపల్లి వైపు జాతీయ రహదారి మీద పోతుంటే, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దాటాక నగరం ఎక్కడ అయిపోయిందో, గాజువాక ఎక్కడ మొదలైందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. దుకాణాల వరుస ఎక్కడా తెగదు. అయినా గాజువాక వాళ్లు జగదాంబ సెంటరుకో, పూర్ణా మార్కెట్టుకో బయల్దేరితే ఇప్పటికీ "టౌనుకెళ్లొస్తాను" అనే అంటారు. కార్పొరేషన్ రికార్డుల్లో 2005 నుంచీ ఇది నగరంలో భాగమే. మాటల్లో మాత్రం ఇంకా వేరే ఊరే. శివారు అనే పదానికి పాఠ్యపుస్తకాల్లో ఎన్ని నిర్వచనాలున్నా, ఈ ఒక్క మాటలో ఉన్నంత స్పష్టత వాటిలో దొరకదు. నగరానికి అంటుకుని ఉంటుంది, నగరం మీద ఆధారపడుతుంది, అయినా తన బతుకు తనది.

ఈ వ్యాసంలో చూడదల్చుకున్నవి రెండే విషయాలు. ఒకటి, ఇక్కడ జనం ఎలా పెరిగారు, ఏ రకం జనం పెరిగారు. రెండు, వాళ్ల చేతికి డబ్బు ఏయే దారుల్లో వచ్చింది, ఆ దారులు ఇప్పుడెలా ఉన్నాయి. ఈ రెండింటినీ విడివిడిగా చదివే అలవాటు మన అర్థశాస్త్ర విద్యార్థులకు ఉంది. జనాభా ఒక పేపరు, ఆదాయం ఇంకో పేపరు. గాజువాకలో మాత్రం ఒకదాన్ని వదిలి రెండోదాన్ని చదవడం కుదరదు.

మొదట ఊరి పూర్వస్థితి. యారాడ కొండకు పడమటగా, సముద్రానికి నాలుగడుగుల దూరంలో ఉన్న మెట్ట ప్రాంతం ఇది. తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు, చోళ్లు, గంటెలు. చెరువు కింద కాస్త వరి. తీరం వెంబడి వేట మీద బతికే పల్లెలు. ఇలాంటి నేల పెద్ద సంపన్నుల్ని తయారు చెయ్యదు, అలాగని ఆకలికీ వదిలెయ్యదు. ఏడాదిలో కొన్ని నెలలు పొలం, కొన్ని నెలలు కూలి, మధ్యలో తాటి కల్లు, తాటి ముంజెలు, జీడిపిక్కలు. రాబడి చిన్నదే గాని పది రకాలుగా వచ్చేది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పనుంది.

పరిశ్రమ ఇక్కడికి ఉక్కుతోనే వచ్చిందనుకోవడం పొరపాటు. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అదే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ పేరు పోయినా "సింధియా" అనే బస్సు స్టాపు మిగిలింది. 1957లో మల్కాపురం దగ్గర కాల్టెక్స్ నూనె శుద్ధి కర్మాగారం వచ్చింది. ఇప్పుడది హిందుస్థాన్ పెట్రోలియం వారిది. 1966లో బి.హెచ్.పి.వి., ఆ మరుసటి ఏడాది శ్రీహరిపురంలో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, డెబ్బైల్లో జింక్ కర్మాగారం. 1968లో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలో ఏర్పడింది. ఈ వరుసతో ఈ ప్రాంతంలో నెలజీతం అనే కొత్త పదార్థం ప్రవేశించింది. పంట చేతికొచ్చినప్పుడు తీర్చే అప్పుకు బదులు ఒకటో తారీకు అప్పు వచ్చింది. షావుకార్లు పద్దు పుస్తకం మార్చుకున్నారు. మల్కాపురం, శ్రీహరిపురం పనివాళ్ల ఊళ్లు కాగా, గాజువాక వాళ్లందరికీ సంత అయింది. అయితే ఇదంతా ఊరి స్వభావాన్ని పూర్తిగా మార్చలేదు. భూమి ఇంకా రైతు చేతిలోనే ఉంది.

దాన్ని మార్చింది ఉక్కు. 1966 ఉద్యమం సంగతి ఈ సంచిక పాఠకులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదంతో మన విద్యార్థులు రోడ్డు మీదికొచ్చారు. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే కంపెనీ ఏర్పడింది మాత్రం 1982 ఫిబ్రవరిలో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ "గోదావరి" వెలిగింది 1990లో. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, ప్రధాని పి.వి. నరసింహారావు.

శంకుస్థాపనకు, కంపెనీ ఏర్పాటుకు మధ్య పదకొండేళ్లున్నాయి. ఈ పదకొండేళ్లను చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఆర్థిక దృష్టితో చూస్తే అసలు కథ అక్కడే ఉంది. భూసేకరణలో పడిన నేలను రైతు అమ్ముకోలేడు. దాని మీద ఖర్చు పెట్టి బావి తవ్వుకోవడానికి మనసొప్పదు. ఫ్యాక్టరీ ఇంకా రాలేదు గనక ఉద్యోగమూ లేదు. నష్టపరిహారం విడతల్లో వచ్చింది. విడతల్లో వచ్చిన సొమ్ము పెట్టుబడి కాదు, ఖర్చవుతుంది. ఆడపిల్ల పెళ్లి, పాత బాకీ, ఒక పెంకుటిల్లు. పది రకాలుగా వచ్చే రాబడి పోయింది. దాని స్థానంలో రావలసిన ఒక్క రకం రాబడి ఇంకా రాలేదు. మొత్తం మీద సుమారు 26 వేల ఎకరాలు, అరవైకి పైగా గ్రామాలు అని సాధారణంగా చెప్పుకునే లెక్క. ఖాళీ చేసిన కుటుంబాలకు పెదగంట్యాడ, వడ్లపూడి, దువ్వాడ, అగనంపూడి, గాజువాకల్లో కాలనీలు వేశారు. ఆ కాలనీలే ఇవాళ్టి గాజువాకకు అస్తిపంజరం. ఊరి వీధులు అలా తిన్నగా ఉండడానికీ, పక్కనే ఉన్న పాత ఊరి సందులు వంకరగా ఉండడానికీ కారణం ఇదే.

ఇక జనాభా అంకెలు. విశాఖ నగర సముదాయం, అంటే నగరమూ దాన్ని అంటుకున్న ఊళ్లూ కలిపి, 1971లో 3.63 లక్షలు. 1981లో సుమారు 6.04 లక్షలు. 1991లో 10.57 లక్షలు. 2001లో 13.46 లక్షలు. 2011లో, అప్పటికి విస్తరించిన మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో, 17.28 లక్షలు. పదేళ్ల పెరుగుదల శాతాలు లెక్కగడితే వరుసగా 66, 75, 27, 28.

పరీక్షలో ఈ అంకెలిస్తే విద్యార్థి ఏం రాస్తాడు? "1981–91 దశకంలో జనాభా విస్ఫోటనం జరిగింది, 1991 తర్వాత తగ్గుముఖం పట్టింది" అని రాస్తాడు. మార్కులు కూడా పడతాయి. కాని ఆ 75 శాతంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. కొత్తగా వచ్చిన మనుషులు కొందరు. ఎక్కడికీ కదలకుండా తమ ఇంట్లోనే కూర్చున్నా, సముదాయం గీత తమ మీదుగా జరగడంతో నగరవాసులైపోయినవాళ్లు మరికొందరు. 1991లో కార్పొరేషన్ పరిధి జనాభా 7.52 లక్షలే. సముదాయం 10.57 లక్షలు. అంటే కార్పొరేషన్ గీతకు బయట మూడు లక్షల మంది. 2001కి వచ్చేసరికి కార్పొరేషన్ సుమారు 9.8 లక్షలు, సముదాయం 13.46 లక్షలు. గీత బయటున్న వాళ్లలో ఒక్క గాజువాక మునిసిపాలిటీ వాటాయే దాదాపు 2.59 లక్షలు. అప్పటికి అదొక పెద్ద పట్టణం. చాలా జిల్లా కేంద్రాలకంటే పెద్దది. జిల్లా ఆసుపత్రి లేదు, కలెక్టరాఫీసు లేదు, పట్టణమని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు, అంతే.

2005 నవంబరులో గాజువాకనూ మరో 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ చేశారు. దాంతో 2011 జన గణనలో గాజువాక అనే పట్టణం పేరే లేదు. 2001 దాకా కనిపించిన ఊరు 2011లో వార్డు నంబర్లుగా విడిపోయింది. కనక గాజువాక జనాభా గత ఇరవై ఏళ్లలో ఎంత పెరిగింది అని ఎవరైనా ఒక్క అంకె చెబితే, ఏ గీతలోపలి అంకె అని ముందు అడగండి. పరోక్షంగా ఒక సూచన మాత్రం ఉంది. 2009 ఎన్నికలనుంచి గాజువాక ప్రత్యేక అసెంబ్లీ నియోజకవర్గం. 2019 నాటికి అక్కడి ఓటర్లే మూడు లక్షలు దాటారు. నియోజకవర్గం, పాత మునిసిపాలిటీ ఒకటి కావు గనక ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి శాతం తియ్యకూడదు. పిల్లల్ని కలుపుకుంటే ఊరి కొలత ఏ పాటిదో అంచనాకు వస్తుంది, అంతవరకే.

ఎంతమంది అన్నదానికంటే ఎవరు అన్నది నా దృష్టిలో ముఖ్యం. మామూలు ఊళ్లో అన్ని వయసుల వాళ్లూ ఉంటారు. ఫ్యాక్టరీ ఊళ్లో అలా కాదు. ఒకే కాలంలో, ఒకే వయసులో ఉన్నవాళ్లు గుంపుగా వచ్చి పడతారు. ఉక్కు కర్మాగారం పెద్ద ఎత్తున ఉద్యోగాలిచ్చింది ఎనభైల్లోనూ, తొంభైల మొదట్లోనూ. ఇరవై నుంచి ముప్ఫై ఏళ్ల కుర్రవాళ్లు. ఐ.టి.ఐ., డిప్లొమా చదివినవాళ్లు, ఇంజనీర్లు. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాలనుంచి, ఒడిషానుంచి, భిలాయి లాంటి పాత ఉక్కు పట్టణాలనుంచి. వాళ్లకంటే ముందే కట్టుబడి పనికి మేస్త్రీల వెంట వచ్చిన కూలీలున్నారు. పలాస, టెక్కలి, పాలకొండ వైపు పల్లెలనుంచి సంసారాల్ని ఊళ్లోనే వదిలి వచ్చినవాళ్లు. కొన్నాళ్లకు భార్యాబిడ్డల్ని తెచ్చుకున్నారు. కట్టుబడి అయిపోయినా వెనక్కి పోలేదు. కంపెనీ ఉద్యోగులకు ఉక్కునగరంలో సెక్టార్ల వారీగా క్వార్టర్లు కట్టారు. క్వార్టరు దొరకనివాళ్లు, దొరికినా సొంతిల్లు కావాలనుకున్నవాళ్లు గోడకివతల, కూర్మన్నపాలెంలోనూ, వడ్లపూడిలోనూ, కొత్త గాజువాకలోనూ స్థలాలు కొన్నారు.

అప్పట్లో ఈ ఊరు కుర్రది. పెళ్లిళ్లు, పురుళ్లు, కాన్వెంట్లు, మోపెడ్లు. ఇరవై ఏళ్ల తర్వాత ఇంటర్మీడియెట్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు. ఊళ్లో వ్యాపారాల వరుస చూస్తే ఆ ఒక్క తరం వయసు ఎంతో చెప్పవచ్చు. 1985లో పాతికేళ్లవాడు 2020లో అరవై దాటి ఇంటికొచ్చాడు. ఇప్పుడు అదే రోడ్డు మీద డయాగ్నొస్టిక్ సెంటర్లు, కళ్లద్దాల షాపులు, కీళ్ల డాక్టర్లు. ఒక తరం కలిసి వచ్చింది, కలిసి ముసలిదవుతోంది. మరోవైపు పుట్టేవాళ్లు తగ్గారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున కలిగే పిల్లల సంఖ్య 2019–21లో 1.7. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 కావాలి. ఆ పుట్టిన ఒకరిద్దరు కూడా చదువయ్యాక హైదరాబాదుకో, బెంగుళూరుకో, ఇంకా దూరమో. ఫ్యాక్టరీకి దగ్గరగా ఇల్లు కట్టుకున్న తండ్రి దగ్గర ఫ్యాక్టరీ ఉద్యోగం దొరకని కొడుకు ఉండడు.

ఇక్కడ ఆర్ కార్డుల సంగతి చెప్పాలి. భూమి పోయిన కుటుంబాలకు పునరావాస గుర్తింపుగా ఇచ్చిన కార్డును ఈ ప్రాంతంలో చదువురానివాళ్లు కూడా ఆర్ కార్డనే అంటారు. పదహారు వేలకు పైగా కార్డులు ఇచ్చారనీ, అందులో సుమారు సగం మందికే ఉద్యోగాలు వచ్చాయనీ నిర్వాసితుల సంఘాలు చెబుతూ వచ్చాయి. మిగతా సగం ఏమయ్యారు? కార్డు ఆస్తి లాంటిదై ఇనప్పెట్టెలో ఉండిపోయింది. లెక్క చూడండి. 1982లో ఇరవయ్యేళ్ల వయసులో కార్డు అందుకున్నవాడికి 2022లో అరవై. ఉద్యోగమే రాకుండా పదవీ విరమణ వయసు వచ్చేసింది. అందుకే కొన్నేళ్లుగా కోరిక మారింది. "నాకివ్వండి" అన్నవాళ్లు "మా మనవడికివ్వండి" అంటున్నారు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లు. ఇద్దరి పొలాలూ ఒకే సర్వే నంబరు చుట్టుపక్కలవే. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఇంకొకరికి రాలేదు. నలభై ఏళ్లలో ఆ రెండు ఇళ్ల మధ్య వచ్చిన తేడా కులం వల్ల రాలేదు, చదువు వల్ల రాలేదు, కష్టం వల్ల అంతకంటే రాలేదు. ఆదాయ అసమానతలకు కారణాలు రాయమంటే మన పుస్తకాల్లో ఈ కారణం కనపడదు.

ఇప్పుడు రాబడి. మన జన గణన ఆదాయం ఎంతని అడగదు. ఇల్లు పక్కాయా కచ్చాయా, టీవీ ఉందా, స్కూటరుందా, బ్యాంకు ఖాతా ఉందా అని అడుగుతుంది. వస్తువులనుంచి ఆదాయాన్ని ఊహించాలి. గాజువాక లాంటి చోట అది మోసం చేస్తుంది. వాయిదాల మీద కొన్న మోటారు సైకిలు పర్మనెంటు ఉద్యోగి ఇంటి ముందూ ఉంటుంది, కాంట్రాక్టు కూలీ ఇంటి ముందూ ఉంటుంది. మరి జిల్లా తలసరి ఆదాయం? ఉమ్మడి విశాఖ జిల్లా ఈ లెక్కలో రాష్ట్రంలో మొదటి వరుసలో ఉంటూ వచ్చింది. కాని అది జిల్లాలో ఎంత ఉత్పత్తి జరిగిందన్న లెక్క. అక్కడ నివసించేవాళ్ల చేతికి ఎంతొచ్చిందన్న లెక్క కాదు. శుద్ధి కర్మాగారంలో, రేవులో, ఉక్కులో పుట్టిన విలువంతా జిల్లా ఖాతాలో పడుతుంది, దాన్ని జనాభాతో భాగిస్తారు. పాడేరు కొండల్లోని గిరిజనుడి తలమీద కూడా శుద్ధి కర్మాగారం లాభం ఇంత అని పడేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. పాడేరు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయింది. పరవాడ ఫార్మాసిటీ, సింహాద్రి విద్యుత్ కేంద్రం అనకాపల్లి జిల్లాకు పోయాయి. ఏప్రిల్ 3 సాయంత్రానికీ 4 పొద్దుటికీ మధ్య ఎవరి జీతమూ మారలేదు. విశాఖ జిల్లా సగటు మాత్రం మారింది.

సగటు చేసే ఈ గారడీని చిన్న ఉదాహరణతో చూద్దాం. ఇవి లెక్కకోసం అనుకున్న అంకెలే. ఒక సందులో పది ఇళ్లు. రెండిళ్లలో ఉక్కు ఉద్యోగులు, ఇంటికి నెలకు 90 వేలు. ఒక ఇంట్లో కిరాణా వ్యాపారం, 40 వేలు. మిగతా ఏడిళ్లలో కాంట్రాక్టు పని, ఆటో, ఇళ్లల్లో పని, ఇంటికి 15 వేలు. మొత్తం 3 లక్షల 25 వేలు. సగటు 32,500. ఆ సందులో 32,500 వచ్చే ఇల్లు ఒక్కటీ లేదు. ఇళ్లన్నిటినీ వరుసలో నిలబెట్టి మధ్యలో ఉన్నదాన్ని చూస్తే 15 వేలు. ఇప్పుడు ఆ ఇద్దరు ఉద్యోగులూ రిటైరయ్యారనుకుందాం. పింఛను, అద్దె కలిపి ఇంటికి 16 వేలు వస్తోంది. మొత్తం 1 లక్షా 77 వేలు. సగటు 17,700కు పడిపోయింది, దాదాపు సగం. మధ్య ఇల్లు మాత్రం 15 వేల దగ్గరే ఉంది. సగటు చూసిన అధికారి సందు సగానికి సగం బీదదైపోయిందంటాడు, మధ్య ఇల్లు చూసిన అధికారి ఏమీ కాలేదంటాడు. ఇద్దరి లెక్కా సరైనదే. కాని ఇద్దరూ చూడనిది ఒకటుంది. ఆ ఏడిళ్ల 15 వేలల్లో కొంత భాగం ఆ రెండిళ్ల ఖర్చులోంచే వచ్చేది. ట్యూషను ఫీజు, పనిమనిషి జీతం, ఆటో కిరాయి, కిరాణా కొట్టు బేరం. రెండు నెలలు గడిచాక ఆ ఏడు అంకెలూ నెమ్మదిగా జారతాయి. ఈ జారడం ఏ సర్వేలోనూ వెంటనే పట్టుబడదు.

రిటైరైనవాడికి 16 వేలే ఎందుకనుకున్నానో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ప్రభుత్వరంగ ఉద్యోగికి ప్రభుత్వోద్యోగిలాగే పింఛను వస్తుందనుకుంటారు. రాదు. 1995 ఉద్యోగుల పెన్షన్ పథకంలో సూత్రం ఇది: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతానికి పరిమితి ఉంది. 2014 సెప్టెంబరు నుంచి అది 15 వేలు, అంతకుముందు 6,500, మొదట్లో 5,000. పూర్తిగా 15 వేల మీద 30 ఏళ్లు లెక్కగట్టినా 6,428 రూపాయలు. పాత కాలానికి పాత పరిమితే వర్తిస్తుంది గనక చాలామందికి అంత కూడా రాదు. 2022 నవంబరు సుప్రీంకోర్టు తీర్పు అసలు జీతం మీద పింఛను ఎంచుకునే వీలు కొందరికి కల్పించింది గాని, దానికి ఎదురు కట్టాల్సిన సొమ్ము ఉంది. కాబట్టి ఉద్యోగి ఏం చేశాడు? గ్రాట్యుటీ వచ్చింది. దాని పరిమితిని 2018లో 10 లక్షలనుంచి 20 లక్షలకు పెంచారు. ప్రావిడెంటు ఫండు వచ్చింది. రెండూ కలిపి ఇంటి మీద అంతస్తు వేశాడు. బయటినుంచి మెట్లు, పైన రెండు పోర్షన్లు, మేడ మీద రేకుల గది ఒకటి. గాజువాకలో సిమెంటు మెట్లు బయటికున్న ప్రతి ఇల్లూ ఒక పింఛను పథకమే.

మంచిదే. ఆ పోర్షన్లలో దిగేదెవరు? కాంట్రాక్టు కార్మికులు, ఫార్మాసిటీలో షిఫ్టులు చేసే కుర్రవాళ్లు, దువ్వాడ ఆర్థిక మండలిలో పనిచేసే అమ్మాయిలు, ఆటోనగర్ మెకానిక్కులు. అంటే పర్మనెంటు ఉద్యోగి ముసలితనం కాంట్రాక్టు కార్మికుడి గేటు పాసు మీద ఆధారపడింది. గేటు పాసు ఉన్నంతకాలం అద్దె వస్తుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ ఫిబ్రవరిలోనే కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలు మొదలయ్యాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అదే సంవత్సరం స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చారు, కాంట్రాక్టు కార్మికుల్ని వేల సంఖ్యలో తగ్గించారు. పత్రికల్లో ఈ వార్తలు కార్మిక సమస్యల పేజీలో వచ్చాయి. నిజానికి అవి ఇళ్ల వార్తలు కూడా. గేటు పాసు పోయిన కుటుంబం నెలా రెండు నెలలు అడ్వాన్సులోంచి అద్దె మినహాయించుకోమంటుంది, ఆ తర్వాత సామాను సర్దుకుని టెక్కలి బస్సెక్కుతుంది. "టు లెట్" బోర్డు తగిలించే ఇంటాయన అప్పుడు గాని ఫ్యాక్టరీ సంగతి తన సంగతని గ్రహించడు.

మరోవంక కొత్త రాబడి దారులు రాలేదని కాదు. దువ్వాడలో ఎగుమతుల కోసం ప్రత్యేక మండలి 1989లోనే ఏర్పాటైంది. పరవాడలో మందుల కంపెనీలు, అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల ఫ్యాక్టరీలు తర్వాత వచ్చాయి. వీటితో జరిగిన పెద్ద మార్పు ఆడవాళ్ల జీతం. ఉక్కు ఉద్యోగం మగవాడి ఉద్యోగం. ఒక జీతం మీద ఇల్లంతా నడిచేది. కుట్టు ఫ్యాక్టరీల జీతం చిన్నది, కాని ఇంట్లో ఇద్దరు ముగ్గురు సంపాదిస్తారు. తెల్లవారకముందే కంపెనీ బస్సుకోసం రోడ్డు పక్కన డబ్బా పట్టుకుని నిలబడ్డ అమ్మాయిల్ని చూస్తే, ఈ ప్రాంతపు కుటుంబ ఆదాయం ఏ ఆకారంలోకి మారుతోందో తెలుస్తుంది. ఒక పెద్ద స్తంభం బదులు మూడు నాలుగు చిన్న రాటలు. పాత మెట్ట రైతు రాబడి పది రకాలని మొదట చెప్పాను. ఒక విధంగా ఊరు మళ్లీ ఆ పద్ధతికే వస్తోంది, తేడా ఏమిటంటే అప్పుడు కింద సొంత భూమి ఉండేది.

తీరం సంగతి రెండు మాటల్లో. గంగవరం రేవు 2009లో పని ప్రారంభించింది. గంగవరం, దిబ్బపాలెం వేటగాళ్లకు సముద్రం అక్కడే ఉంది, దారి మాత్రం మారింది. పడవ పెట్టుకునే ఒడ్డు పోయిన మనిషికి నష్టపరిహారం ఎలా లెక్కగట్టాలన్నది రెవెన్యూ శాఖకు ఎప్పుడూ తేలని చిక్కే. ఒడ్డుకు పట్టా ఉండదు గదా.

2021లో జరగాల్సిన జన గణన వాయిదా పడింది. 2025 జూన్‌లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2027 మార్చి 1 లెక్కకు ఆధారమైన తేదీ. అంటే గాజువాక గురించి మన చేతిలో ఉన్న ఇంటింటి లెక్క చాలాకాలం పాటు 2011దే. ఆ లెక్కలో ఉక్కు ఉద్యోగి ఇంకా సర్వీసులో ఉన్నాడు, జింక్ కర్మాగారం ఇంకా నడుస్తోంది. అది మూతపడింది 2012లో. మహా నగరంలో 2013లో భీమునిపట్నం, అనకాపల్లి కూడా కలిశాయి గనక, ఈసారి నగరం మొత్తం జనాభా ఎగిరి గంతేసినట్టు కనపడుతుంది. దాన్ని పాత 17.28 లక్షలతో పోల్చి శాతం తీసేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అందుకే గాజువాక ప్రాంతం వార్డుల మీద విద్యార్థులు సొంతంగా సర్వే చెయ్యాలని నా సూచన. ఎం.ఏ. చివరి సంవత్సరం వాళ్లకు ప్రాజెక్టు ఎలాగూ తప్పదు. నమూనాకు వీధులు ఎంచేటప్పుడు పాత ఊరు, నిర్వాసితుల కాలనీ, ఉద్యోగుల ఇళ్ల స్థలాలు, మూడూ విడివిడిగా తీసుకోవాలి. కలిపేస్తే మళ్లీ సగటు గారడీ. ప్రశ్నాపత్రంలో "నెల ఆదాయం ఎంత" అని ఒక్క గడి పెడితే ఎవరూ నిజం చెప్పరు. చెప్పాలనుకున్నా చెప్పలేరు. ఇంట్లో సంపాదించేవాళ్లు ఎంతమంది, ఎవరి గేటు పాసు ఏ కంపెనీది, ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరికింది, పై పోర్షన్ ఖాళీగా ఎన్నాళ్లుంది, పిల్లలు ఎక్కడున్నారు, వాళ్లు పంపుతున్నారా లేక ఇక్కడినుంచే వాళ్లకు పోతోందా అని అడగాలి. నిర్వాసితుల కాలనీల్లో ఇంకొక్క ప్రశ్న చేర్చాలి. ఆర్ కార్డు ఉందా, ఉంటే ఎవరి పేరున ఉంది, ఆ మనిషి ఇప్పుడు ఉన్నారా.